మేసే పిల్లికి రోగమేంది

దేవరాజు లెక్కలో పిల్లి పశువు కాదు. పాలివ్వదు, బండి లాగదు, చచ్చాక తోలు కూడా దేనికీ పనికిరాదు. అలాంటిదానికి రోగమొచ్చిందని ఎవరైనా అంటే ఆయన నవ్వే నవ్వొకటుంది. నోరు తెరవడు. ముక్కులోంచి ఒక్కసారి గాలి వదిలి, ఈగను తోలినట్టు చెయ్యి విసిరి, తల పక్కకు తిప్పుకుంటాడు. ఆళ్లగడ్డలో ఆ నవ్వు బారిన పడని మనిషి బహుశా లేడు.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పయ్యైదేళ్లు పశువుల కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. కాంపౌండరు అనే మాట ఆయన ఎదుట ఎవరూ అనరు. రైతులకు ఆయన డాక్టరన్న. ఆ పిలుపు ఆయన సంపాదించుకున్నదే, కాదనలేం. నాయన శనగ చేలల్లో కూలి. తను పంతొమ్మిదేళ్లకు ఆసుపత్రిలో పేడ ఎత్తే పనికి చేరి, డాక్టర్ల చేతుల వంక చూసి చూసి పని పట్టుకున్నాడు. అడ్డం తిరిగిన దూడను కడుపులోనే సరిచేసి బయటికి లాగడం ఆయనకు వచ్చినట్టు చదువుకున్నవాళ్లకు కూడా రాదు. ఈనిన రెండో రోజు మెడ వాల్చి పడిపోయిన పాడి ఎనుమును ఒక్క కాల్షియం సీసాతో లేపి నిలబెట్టడం జనం కళ్లారా చూశారు. పనిమంతుడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆగలేదు. పనిమంతుణ్నన్న సంగతి తలకెక్కి, యాభై దాటేసరికి పశువును చూడకుండానే రోగం చెప్పే స్థాయికి చేరుకున్నాడు. స్కూటర్ మీంచి కాలు కింద పెట్టేవాడు కాదు. రెండే రెండు ప్రశ్నలు అడిగేవాడు.

"మేత మేస్తాందా? నెమరేస్తాందా?"

రెండింటికీ ఔనంటే, "మేసేదానికి రోగమేందప్పా!" అని చెయ్యి విసిరి స్కూటర్ తిప్పేసేవాడు. పదిలో తొమ్మిదిసార్లు ఆ మాటే నిజమయ్యేది, ఎందుకంటే పదిలో తొమ్మిది పశువులు ఎవరూ ఏమీ చేయకపోయినా బాగుపడతాయి. పదోది చచ్చిపోతే రైతు మేపడం చేతగాని దద్దమ్మ అయ్యేవాడు. ఈ పద్ధతిలో దేవరాజు తన సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా తప్పు చేయలేదు.

ఆయనకు లోకంలో నచ్చిన మనిషి లేడు. కుక్కలకు చొక్కాలు తొడిగేవాళ్లు పిచ్చోళ్లు. కొత్తగా వచ్చే డాక్టర్లు మిషన్ చెప్పిందే చెప్పే చిలకలు. వాళ్ల వీధి చివర పొద్దస్తమానం ఉలి చప్పుడుతో విగ్రహాలు చెక్కే శిల్పులను కూడా వదల్లేదు. అమ్మకానికి పెట్టిన నంది ముందు ఆగి పక్కటెముకలు లెక్కపెట్టి, "ఎద్దుకు ఎముకలెన్నో తెలీనోడు నందిని చెక్కుతాండాడు" అని వాళ్ల ముఖం మీదే అనేవాడు. చర్చికి పోయే మనిషికి నందితో ఏం పని అని వాళ్లు నవ్వుకునేవారు.

ఆయన్ను పూర్తిగా నమ్మిన మనిషి ఒక్కతే, భార్య లూదియా. ప్రైమరీ స్కూల్లో పిల్లలకు చదువు చెప్పి ఆమె కూడా రిటైరైంది. వాళ్లకు సంతానం లేదు. పక్క వీధిలో మూడు ఎనుములు పెట్టుకుని పాలమ్మే కృష్ణమ్మ, "అన్న ఏమన్నాడు వదినా?" అని గేటు దగ్గర అడిగితే, లూదియా ఆయన మాటను తు.చ. తప్పకుండా అప్పజెప్పి, "ఆయన చెప్పినాడంటే అంతే" అనేది. పెళ్లయిన ముప్పయ్యెనిమిదేళ్లలో ఆ మాటకు ఎన్నడూ అనుమానం చేర్చలేదు. గోడకు పటం కట్టించుకోదగ్గ పట్టా దేవరాజుకు ఏదన్నా ఉందంటే అదే.

పన్నెండేళ్ల కిందట కోయిలకుంట్ల నుంచి బంధువులు పంపిన శనగల మూటల మధ్య ఒక పిల్లికూన వచ్చింది. లేత పసుపు రంగు. లూదియా దానికి శనగ అని పేరు పెట్టుకుని దగ్గరికి తీసింది. అది ఆమె పక్కనే తినేది, ఆమె ఒళ్లోనే నిద్రపోయేది, ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చే వేళకు గేటు మీద కూర్చునేది. దేవరాజు ఈ పన్నెండేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. దారిలో పడుకుని ఉంటే చెప్పుతో పక్కకు జరిపేవాడు, అంతే.

ఈ ఏడాది ఈస్టరుకు ముందు శ్రమదినాల ఉపవాసాల్లో లూదియా ఒంటిపూట తింటుంటే, పిల్లి నాలుగు పూటలా తినడం మొదలుపెట్టింది. పెట్టింది తిని, చట్టి నాకి, పక్కింటి వంటింట్లో దూరి అక్కడా తినేది. కడవలో నీళ్లు వంచిపెడితే వంచిపెట్టినట్టే తాగేసేది. ఇంత తిన్నా వీపు మీద ఎముకలు తేలాయి. ముసలిదయ్యాక సద్దుమణగాల్సింది పోయి, బీరువా మీదికీ అటక మీదికీ ఎగురుతూ, ఎవరో తరుముతున్నట్టు ఇల్లంతా అరుచుకుంటూ తిరిగేది.

"ఏమయ్యా, శనగ చిక్కిపోతాంది."

"మేస్తాందా?"

"మామూలుగా గాదు. ఎంత పెట్టినా చాలదంటాంది."

"మేసేదానికి రోగమేందే! కడుపులో నట్టపురుగులు. మాత్ర ఇస్తా, వెయ్యి."

నట్టల మాత్ర ఇచ్చాడు. పిల్లి నోట్లో వేయలేదు, లూదియా చేతిలో పెట్టాడు. నెల తర్వాత ఇంకోటి పెట్టాడు. కడుపులో నట్టలు ఉంటేగదా పోవడానికి! పిల్లి ఇంకాస్త చిక్కింది.

మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం, పిల్లి గడ్డం కింద గోకుతున్న లూదియా చెయ్యి ఆగిపోయింది.

"ఏమయ్యా, గొంతుకాడ ఏందో కందిగింజంత తగుల్తాంది. రా, ఒకసారి చెయ్యి పెట్టి చూడు."

దేవరాజు పేపర్లోంచి తల ఎత్తలేదు. "ఎలకను మింగబోయి ఎముక గుచ్చుకోనింటాది. అదే పోతాది."

పోలేదు. మళ్లీ అడిగింది. మేలో మూడోసారి అడిగింది. "పిల్లే గదా, కరవదులే. ముట్టుకోని చూడయ్యా."

"నేనా? పిల్లినా? ముప్పయ్యైదేండ్లు ఎనుముల్ను చూసినోన్ని, ఇప్పుడు పిల్లి గొంతు పిసుక్కుంటా కూచోవాల్నా?"

ఆ చేతులకు పని తెలుసు. చెయ్యంతా లోపల పెట్టి, కనపడని దూడ కాలేదో చెవేదో వేళ్లతో చెప్పగలిగిన చేతులు. ఒళ్లో ఉన్న పిల్లి మెడ మీద అర నిమిషం పెట్టడానికి వాటికి పరువు తక్కువైంది! ఇలాంటి పరువును ఏమనాలో నాకు తెలియదు, అనడానికి వచ్చే మాటలన్నీ అచ్చులో వేయకూడనివి.

వానలు పడే నాటికి పిల్లి సగమైంది. వెంట్రుకలు చీపురు పుల్లల్లా నిక్కబొడుచుకున్నాయి. పక్కటెముకల కింద గుండె కొట్టుకోవడం దూరం నుంచే కనిపించేది. కృష్ణమ్మ పాలు పోయడానికి వచ్చి, "ఏంది వదినా, దీనికి కూడు పెట్టరా మీ ఇంట్లో?" అని నవ్వింది. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తింటున్నది ఆ పిల్లే.

ఆగస్టులో ఒక ఉదయం ఆమె కూరగాయల బుట్టలో పాత దుప్పటి పరిచి, పిల్లిని కూర్చోబెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి చీర అంచుతో కట్టింది.

"యాడికి పోతాండావ్?" అన్నాడు దేవరాజు.

"నంద్యాలకు. ఆడ పిల్లుల్ను ముట్టుకోని చూసే డాక్టరమ్మ ఉందంట."

ఆ మాటలో దెబ్బ ఆయనకు తగల్లేదు, అంత సులభంగా తగిలే మనిషి కాదు. తమాషా చూద్దామని తనూ బయల్దేరాడు. బస్సులో మాత్రం మూడు సీట్లు ముందు కూర్చున్నాడు. బుట్టలో కోడి కాదు, పిల్లి ఉందని తెలిసి జనం నవ్వుతుంటే, ఆమె ఎవరో తనకు తెలియనట్టు కిటికీలోంచి చూస్తూ, వాళ్లతో పాటు నవ్వాడు కూడా.

నంద్యాల బస్టాండు వెనక సందులో డాక్టర్ ప్రియదర్శిని ఆసుపత్రి, చిన్న గది. ముప్పై ఏళ్లుంటాయి ఆమెకు. దేవరాజు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏం పాపా, ఎనుముకు ఎప్పుడన్నా సూదేసినావా?"

"వేసినా సార్," అందామె. "ఇప్పుడు పిల్లిని చూద్దాం."

పిల్లి గడ్డం పైకెత్తి, గొంతు గొట్టానికి రెండు వైపులా బొటనవేలూ చూపుడువేలూ ఆనించి, నెమ్మదిగా కిందికి జార్చింది. ఒకచోట ఆగింది. మళ్లీ పైనుంచి జార్చింది, మళ్లీ అక్కడే ఆగింది. గడ్డను వేళ్లతో అటూ ఇటూ కదిలించబోతే కదల్లేదు. ఆ తర్వాత గుండె విని, తూకం వేసింది. రెండు కిలోల మూడు వందల గ్రాములు.

"తిండి ఎట్లుందమ్మా?"

లూదియా నోరు తెరిచేలోపల దేవరాజు అందుకున్నాడు. "మేత బ్రహ్మాండంగా మేస్తాంది. మేసేదానికి రోగమేంది?"

"తినడమే దీని రోగం సార్."

ఆయన ముక్కులోంచి గాలి వదిలాడు. ఆమె పట్టించుకోకుండా లూదియాకు చెప్పింది. గొంతు దగ్గర థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. ముసలి పిల్లుల్లో అది ఒక్కోసారి పెరిగి, అవసరానికి మించి పనిచేస్తుంది. తిన్నదాన్ని తిన్నట్టే ఒంట్లో కాల్చేస్తుంది, గుండెను పరిగెత్తిస్తుంది. అందుకే ఆకలి, అందుకే దాహం, అందుకే ఆ అరుపులు. రక్తం పరీక్షకు హైదరాబాదు పంపితే తేలిపోతుంది.

"థైరాయిడేనా?" దేవరాజుకు నవ్వొచ్చింది. "ఆ మాత్రలు మా ఇంట్లోనే ఉండాయి. ఈమె రోజూ మింగుతాంది. సగం విరిచి దానికీ వేస్తే సరిపోయె!"

"అమ్మ వేసుకునేవి గ్రంథి తక్కువ పనిచేసేవాళ్లకు సార్. దీనికి ఎక్కువ పనిచేస్తాంది. అవి వేస్తే మనమే చంపినట్టు."

లూదియా బుట్టను దగ్గరికి లాక్కుంది. "ఇంకేమన్నా ఉందా డాక్టరమ్మా?"

ప్రియదర్శిని చెప్పింది. ఇలాంటి గడ్డలు నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కావు. మెత్తగా, వేళ్ల కింద జారుతూ ఉంటాయి. ఇది గట్టిగా ఉంది, లోపల కండకు అతుక్కుంది. అందుకే అనుమానం. రక్తపరీక్షలో అది తెలియదు. గడ్డ తీసి, ముక్కను పరీక్షకు పంపితేనే ఖాయంగా తెలుస్తుంది. ఇప్పుడే కోస్తే గుండె తట్టుకోదు కాబట్టి, ముందు మాత్రలతో గుండెను నెమ్మదింపజేయాలి.

ఆ సాయంత్రానికల్లా ఆళ్లగడ్డలో సగం మందికి కబురు తెలిసింది. తెలిపింది దేవరాజే. టీ అంగడి దగ్గర, శిల్పుల షెడ్డు దగ్గర, చర్చి గేటు దగ్గర. "పిల్లికి క్యాన్సరంట! నంద్యాల పాప చెప్పింది!" అందరూ నవ్వారు. కృష్ణమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఇంటి వరండాలో కూర్చున్న లూదియాకు ఆ నవ్వులు వినపడుతూనే ఉన్నాయి.

రక్తం రిపోర్టు వచ్చింది. మిషన్ కొలవగలిగిన హద్దు దాటి ఉంది అంకె. లూదియా పొద్దునా సాయంత్రమూ చిన్న మాత్ర ముక్కను ఎండుచేపలో చుట్టి పెట్టసాగింది. మూడు వారాలకు అరుపులు తగ్గాయి, నాలుగో వారానికి పావుకిలో పైన ఒళ్లు చేసింది. దేవరాజు ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు, తన నట్టల మందు ఆలస్యంగానైనా పనిచేసిందని. ఇలాంటి మనిషిని ఏ దేవుడు మాత్రం బాగుచేస్తాడు!

సెప్టెంబరు చివర్లో ఆపరేషన్ జరిగింది. ముందుగా ఛాతీ ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తుల్లో ఏమీ కనపడలేదు. గడ్డ బయటికి వచ్చింది గానీ, ప్రియదర్శిని ముఖం తేలిక పడలేదు.

"బాగా అతుక్కోనింది. థైరాయిడ్ పక్కనే బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయి, ఒంట్లో కాల్షియాన్ని కాపాడేవి. వాటిలో కొన్ని దాంతో పాటే వచ్చేసినాయి. రెండో రోజో మూడో రోజో కాల్షియం పడిపోవచ్చు. మూడు రోజులు ఈడనే ఉంచండి, నేను చూసుకుంటా."

లూదియా తలూపేలోపల దేవరాజు లేచి నిలబడ్డాడు. "కాల్షియం గురించి నాకు చెప్తావా పాపా? పడిపోయిన ఎనుముల్ను ఎన్నింటిని లేపినా నేను! ఇంట్లో నేను లేనా?"

లూదియా ఆయన ముఖంలోకి చూసింది. నట్టల మాత్ర రెండుసార్లు ఇచ్చిన మనిషే. అయినా ముప్పయ్యెనిమిదేళ్ల అలవాటు. "ఆయనకు ఆ పని వచ్చు డాక్టరమ్మా," అంది.

ప్రియదర్శిని పిల్లి ముందు కాలికి గుచ్చిన సూది గొట్టాన్ని తీయకుండా గట్టిగా కట్టుకట్టి ఉంచింది. కాల్షియం మాత్రలు ఇచ్చి, ఏమాత్రం వణుకు కనిపించినా ఫోన్ చేయమంది. దారి పొడుగునా దేవరాజు ఆ కట్టు చూసి నవ్వుతూనే ఉన్నాడు, సూది తీయడం కూడా రాదని.

మూడో రోజు పొద్దున్నే లూదియా వంటింట్లోంచి కేకేసింది. పిల్లి ముఖాన్ని పంజాతో పదేపదే రుద్దుకుంటోంది. చెవులు టపటపా అదురుతున్నాయి. నాలుగడుగులు బిగుసుకుపోయిన కాళ్లతో వేసి పక్కకు ఒరిగింది.

దేవరాజు చూశాడు. చూసిన క్షణంలో తెలిసిపోయింది. ఈనిన ఎనుము మెడ వాల్చే ముందు చెవులు అదిరినట్టే ఉంది. ఈ మనిషిని ఇంతసేపూ తిట్టాను గనక ఈ పొద్దు దక్కాల్సిన మెప్పు కూడా దక్కాలి. ఆయన ఒక్క క్షణం వృథా చేయలేదు. అలవాటు కొద్దీ బీరువాలోని ఎనుముల కాల్షియం సీసా అందుకుని, చేతిలోని సీసానూ కిందున్న పిల్లినీ చూసి, సీసా పక్కన పెట్టి ఫోన్ తీశాడు.

"మేడం, దేవరాజును. మొదలైంది. ఎనుముల కాల్షియం సీసా ఉంది. ఎంత వెయ్యమంటారు?"

"ఆ సీసా వద్దు సార్. మందుల షాపులో మనుషులకు వేసే చిన్న ఆంప్యూల్ తెండి. రెండున్నర ఎమ్మెల్. పదిహేను నిమిషాలు పట్టాల. గుండె మీద చెయ్యి తీయొద్దు. గుండె నెమ్మదైతే ఆపేయండి. అయిపోయినాక నేరుగా ఈడికి రండి."

స్కూటర్ మీద పోయి తెచ్చాడు. నేల మీద కూర్చుని పిల్లిని ఒళ్లోకి తీసుకున్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి. తను నవ్విన ఆ సూది గొట్టంలోకే మందు ఎక్కించాడు, చుక్క చుక్కగా, ఎడమ అరచెయ్యి పక్కటెముకల మీద ఆనించి. ఎనుము గుండె గంట కొట్టినట్టు కొట్టుకుంటుంది. ఇది పిడికెడు కూడా లేదు, చేతిలో చిన్న పురుగు రెక్కలాడించినట్టుంది. లూదియా గడియారం పట్టుకుని నిమిషాలు చెబుతోంది. పదో నిమిషానికి చెవుల అదురు ఆగింది. పదిహేనో నిమిషానికి పిల్లి తల ఎత్తి ఆయన చొక్కా గుండీ వాసన చూసింది.

లూదియా కళ్లు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తింది, చెప్పడానికి. "కృష్ణమ్మా! పొయ్యే ప్రాణాన్ని పట్టుకోని నిలబెట్నాడే!" ఆ గొంతులో పాత గర్వమంతా తిరిగొచ్చింది.

దేవరాజు ఒళ్లో పిల్లి అలాగే ఉంది. ఆయన వేళ్లు, ఎవరూ చెప్పకుండానే, దాని గడ్డం కిందికి పోయాయి. నంద్యాలలో ఆమె చేసినట్టే రెండు వైపులా ఆనించి కిందికి జార్చాడు. కుట్లు దాటి, రొమ్ము వైపు, వేళ్లు ఆగాయి. కందిగింజంత. ఇంకో గడ్డ, గట్టిగా ఉంది, కదల్లేదు. మార్చిలో లూదియా చెప్పిన మాట పొల్లుపోకుండా ఇప్పుడు ఆయన వేళ్ల కింద ఉంది. ఇంకోసారి జార్చి చూసే ధైర్యం చాలలేదు ఆ మొనగాడికి.

"ఎట్లుందయ్యా?" అంటూ లోపలికొచ్చింది లూదియా.

"బాగుంది," అన్నాడు.

ఆ రోజే నంద్యాల తీసుకుపోతే ప్రియదర్శిని నాలుగు రోజులు ఉంచుకుని పంపింది. గడ్డ సంగతి ఆయన ఆమెకూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

మరుసటి వారం ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. ఇద్దరూ నంద్యాల ఆసుపత్రిలో ఆమె ఎదురుగా కూర్చున్నారు. థైరాయిడ్ క్యాన్సరే అంది ప్రియదర్శిని. తీసిన ముక్క అంచుల్లో కూడా ఉంది, అంటే లోపల ఇంకా మిగిలింది. బయటి దేశాల్లో మిగిలినదాన్ని వెతికి చంపే అయోడిన్ మందు ఎక్కిస్తారు, అది ఇక్కడ పిల్లులకు దొరకదు. చేతిలో ఉన్నది మాత్రలే. బతికినన్నాళ్లు మాత్రలు, నెలకోసారి పరీక్ష.

"ఎన్నాళ్లు డాక్టరమ్మా?"

"కొన్ని నెలలు. బాగా చూసుకుంటే ఏడాది, ఇంకొంచెం ఎక్కువన్నా ఉండొచ్చు." ఆమె కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఈ గడ్డ మీకు మొదట ఎప్పుడు తగిలిందమ్మా?"

"మార్చిలో."

"అప్పుడు ఎవరికన్నా చూపించినారా?"

లూదియా బుట్ట అంచు తడిమింది. "చూపిచ్చినా. ఆయన చూడలేదు."

ప్రియదర్శిని తల ఎత్తి దేవరాజు వంక చూసింది. ఆమె నవ్వలేదు. ముక్కులోంచి గాలి వదల్లేదు. మళ్లీ కాగితం వైపు తిరిగి, "అప్పుడైతే పాకకముందే తీయగలిగేవాళ్లమేమో. ఖాయంగా చెప్పలేను," అంది. ఆ చూపు కన్నా తిట్టు నయం అనిపించింది దేవరాజుకు. జీవితంలో మొదటిసారి ఆయనకు సిగ్గేసింది. సిగ్గు కూడా కాదు, ఊళ్లో అందరి మీదా ఇన్నేళ్లు ఉమ్మిన ఏవగింపు మొత్తం వెనక్కి తిరిగి తన ముఖం మీదే పడింది.

తిరుగు బస్సులో బుట్ట తన ఒళ్లో పెట్టుకున్నాడు. లూదియా మూడు సీట్లు ముందు కూర్చుంది.

ఆ తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు. "బువ్వ పెట్టినా" అనేది లూదియా, "నీళ్లు కాగినాయి" అనేది. కోపగించుకుని తిట్టినా బాగుండు అనుకునేవాడు దేవరాజు. ఆమె తిట్టలేదు. గేటు దగ్గర ఎవరైనా, "అన్న ఏమంటాడు వదినా?" అని అడిగితే, "ఆయన్నే అడగండి" అని లోపలికి వచ్చేసేది. మాత్ర వేసే పని మాత్రం ఆయన అడక్కుండానే తన చేతిలోకి తీసుకున్నాడు. ఎండుచేపలో చుట్టడం రాక వేలు కరిపించుకున్నాడు, రెండుసార్లు. పిల్లి మాత్రం ఈ గొడవేదీ ఎరగనట్టు, వేళకు వచ్చి ఆయన మోకాలి మీద కాలు పెట్టేది.

డిసెంబరులో ఒక ఆదివారం, దేవరాజు చర్చి నుంచి వచ్చి పిల్లికి మాత్ర వేస్తుండగా కృష్ణమ్మ గేటు తోసుకుని వచ్చింది.

"అన్నా, మా సూడి ఎనుము చిక్కిపోతాంది. మేస్తాంది బాగనే. నెమరేస్తాంది. ఏం లేదు గదా?"

ఆయన అడగాల్సిన రెండు ప్రశ్నలకూ జవాబు తనే తెచ్చుకుంది. మిగిలిన ఒక్క మాట వినిపోదామని నిలబడింది. లూదియా వరండా స్తంభం పక్కన శనగలు చెరుగుతోంది. తల ఎత్తలేదు, కానీ చేట ఆగింది.

"పద," అన్నాడు దేవరాజు. "వచ్చి చూస్తా."

"చూసేదేందన్నా?" కృష్ణమ్మ వింతగా చూసింది. "మేస్తాందని చెప్తాండా గదా?"

"మేసినా చూడాల."

కృష్ణమ్మ ఆయన ఒళ్లోని పిల్లిని చూసింది, ఆయన చేతిలోని ఎండుచేప ముక్కను చూసింది. ముక్కులోంచి ఒక్కసారి గాలి వదిలింది. "మేసేదానికి రోగమేందన్నా! పిల్లితో కూచోని కూచోని నీకు మతి పోయింది." ఈగను తోలినట్టు చెయ్యి విసిరి, తల పక్కకు తిప్పుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

అదే మాట, అదే విసురు. ఊరంతటికీ తను నేర్పిందే. ఆ నవ్వును ఇవతలి వైపు నుంచి చూడటం దేవరాజుకు కొత్త, ఇంత అసహ్యంగా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నవ్వి ఉండేవాడు.

లూదియా చేట కింద పెట్టింది.

"ఎనకాలే పో," అంది. "ఈసారన్నా ముట్టుకోని చూడు."

దేవరాజు పిల్లిని ఆమె ఒళ్లో పెట్టి, చెప్పులేసుకుని, కృష్ణమ్మ ఇంటి వైపు నడిచాడు.